జీవకంచె: నేల సిద్ధపఱచుట, మొక్కలు నాటుట

(ప్రత్తిపాడు ప్రాంతపు సేద్యగాండ్ర కొఱకైన ఉపన్యాసము)



గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడునకు పేరులోనే ప్రత్తి యున్నది. ఊరిచుట్టును నల్లరేగడి చేలు విస్తారముగా గలవు. ఆ చేలలో ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పైరులు. ఈ రెండింటికిని ఒక సామాన్యలక్షణము కలదు. ఇవి జొన్నవలె ఒక్కమాఱు కోసి యింటికి దెచ్చుకొనునవి కావు. ప్రత్తిని పలుమార్లు తీయవలెను. మిరపపండును పలుమార్లు కోయవలెను. మొదటి కోత కల్లము చేరిన తరువాతను తక్కిన పంట నెలలకొలది చేనిలోనే యుండును. సరిగా ఆ దినములలోనే చుట్టుపట్ల తక్కిన పైరులు కోతయై, పశువులు బయళ్లలోనికి విడువబడును.

ప్రత్తియాకు గొఱ్ఱెలకును మేకలకును ప్రియమైన మేత. మిరపచెట్టును గేదె అంతగా తినకపోయినను త్రొక్కి కొమ్మలు విఱుచును. విఱిగిన కొమ్మతో దాని మీది పూతయు పిందెయు పోవును. ఒక్క రాత్రి నాలుగు గేదెలు దూరిన చేనిలో తిన్నదానికంటె త్రొక్కినదే యెక్కువగా నుండును. మఱునాడు పశువులను బందెలదొడ్డికి తోలుదురు. పశువులవాడు వచ్చి కంచె యెందుకు సరిగా వేయలేదని యెదురు ప్రశ్న వేయును. ఇరువురును ఊరి పెద్దలయొద్దకు పోవుదురు. పశువుల అక్రమప్రవేశమును గూర్చి 1871లోనే చట్టము పుట్టినది. బందె రుసుమెంత వసూలైనను విఱిగిన మిరపకొమ్మ తిరిగి కాయదు. ఏటేట ఇట్టి తగవుల వలన ఇరుగుపొరుగు చేలవారి నడుమ మాటలు నిలిచిపోయిన గ్రామములు లేకపోలేదు.

ఈ కష్టమునకు రైతు సాధారణముగా చేయు నుపాయము కంపకంచె. తుమ్మకంపయో, రేగుకంపయో, ఇటీవల నెక్కువగా సర్కారుతుమ్మ కంపయో కొట్టించి, బండిమీదనో ట్రాక్టరుమీదనో తెచ్చి, పంగలకఱ్ఱతో నెట్టి గట్టుమీద పేర్చును. మొదటి యేడు అది బాగుగనే యుండును. అటుపిమ్మట అడుగున చెదలు పట్టును. పైన ఎండకు ముళ్లు రాలును. గాలికి కొంత యెగిరిపోవును. పొయ్యిలోనికి కొంత పోవును, అది యెవరి పొయ్యి యని అడుగుట మంచిది కాదు. ఎండకాలమున ఎవరో విసరిన బీడీతునకతో ఒక గట్టు పొడవునను తగులబడుటయు కలదు. కావున కంపకంచె యనునది ప్రతియేటను చెల్లింపవలసిన శిస్తువంటిది. పైగా విత్తనపు పనులు ముమ్మరముగా నుండి కూలీలు దొరకని దినములలోనే దానిని చెల్లింపవలసి వచ్చును.

ఈ శిస్తు బరువు రైతునకే గాక, ఒకప్పుడు రాజ్యము నేలిన ప్రభుత్వమునకును అనుభవమునకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లీషువారు పన్ను చెల్లింపని ఉప్పు దాటిపోకుండుటకై సింధునది మొదలు మహానదీ ప్రాంతము వఱకు ఒక పెద్ద సుంకపు సరిహద్దును ఏర్పఱచిరి. దానిలో చాల భాగము ముళ్లకంచెయే. మొదట నది ఎండుకంప. 1867 మొదలు 1870 వఱకు ఆ శాఖకు అధికారిగా నుండిన హ్యూము దొర, అనగా తరువాత 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు ముఖ్యకారకుడైనవాడే, లెక్క వేయించి చూచెను. మైలు పొడవు ఎండుకంచెకు 250 టన్నుల కంప కావలసి వచ్చెను. చెదలు, ఎలుకలు, గాలివానలు, నిప్పు దానిని తినుచుండగా, ప్రతియేటను చాల భాగము క్రొత్తగా తెచ్చి వేయవలసివచ్చెను. అందుచేత నాయన దానిని బ్రతికిన కంచెగా మార్చుటకు పూనుకొనెను. రేగు, తుమ్మ, వాక, జెముడు మున్నగు దేశీయపు ముళ్లమొక్కలను పరీక్షించి నాటించెను. ఆ పనిలో గమనింపదగిన దేమనగా, నేల సారహీనముగా నున్నచోట్ల మన్నును త్రవ్వితీసి మంచి మన్ను నింపించెను. వఱద నిలుచుచోట్ల ఎత్తుకట్ట వేయించి దానిపైని నాటించెను. పన్నుకొఱకై ప్రజలను వేధించిన ఆ కంచెను మెచ్చుకొన నవసరము లేదు. 1879లో ఆ సుంకపు సరిహద్దు రద్దయ్యెను. కంచెయు అడవిలో కలిసిపోయెను. కాని కంచె బలము మొక్కలో కంటె ముందుగా నేలలో నుండునను సంగతి ఆ పనివలన రుజువైనది.

ప్రత్తిపాడు వైపు గట్లమీద జీవకంచెలు నాటిన రైతులు పూర్వమును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. అందు చెడిపోయిన కంచెలను చూచినచో కారణములు రెండే కనబడును. గట్టుమీద జానెడు లోతున గునపముతో గుంట పొడిచి మొక్కను దూర్చుట మొదటిది. బ్రతికిన మొక్కను కత్తిరింపక, ఏపుగా పెరుగుచున్నదని సంతోషించుట రెండవది. అట్లు పెంచిన కంచె మూడవ యేట పైన ఆకుపచ్చని గోడవలె కనబడును; అడుగున మాత్రము మేక పిల్లలతో సహా దూరిపోవు సందులుండును. ఈ రెండు తప్పులును లేకుండ చేయు విధమును కొంచెము విపులముగా చెప్పుకొనవలెను.

అంతకు ముందు, కంచె యెంత పొడవున వేయవలెనో రైతు లెక్క చూచుకొనుట యవసరము. ఎకరము నేల నలుచదరముగా నున్నచో ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు. చుట్టుకొలత 835 అడుగులు. కంచెకును దాని ప్రక్కన ఖాళీకిని కలిసి లోవైపున అయిదడుగుల వెడల్పు విడిచినచో తొమ్మిది సెంట్లకు పైగా నేల పోవును. అదే యెకరము 66 అడుగుల వెడల్పును 660 అడుగుల పొడవును గల సన్నని చెక్కయైనచో చుట్టుకొలత 1,452 అడుగులగును. పోవు నేల పదునాఱు సెంట్లు దాటును. అన్నదమ్ముల పంపకములలో చీలిచీలి సన్నబడిన చెక్కలలో ఈ నష్టము చిన్నది కాదు. కావున ఎకరము, రెండెకరములు గలవాడు నాలుగు ప్రక్కలను కంచె నాటుట తెలివితక్కువ. అతడు పశువులు నడచు డొంకవైపు ఒక్క ప్రక్కను మాత్రము నాటుకొని, తక్కిన ప్రక్కలకు పొరుగువారితో మాటాడుకొనవలెను. నలుగురైదుగురి చేలు కలిసిన చెక్కకు వెలుపలి అంచున మాత్రము ఒకే కంచె వేసికొన్నచో ఖర్చును నేలయు రెండును కలిసివచ్చును. ఇట్టి యొప్పందములు నోటిమాటగా నుండుటకంటె, ఏ ప్రక్క ఎవరు కత్తిరించవలెనో కాగితముపై వ్రాసికొనుట మేలు.

హద్దు సంగతి ఇంకొకటి కలదు. కంచె నాటుటకు ముందే సర్వేరాళ్లు చూచుకొనవలెను. రాయి కనబడకపోయినను ఉజ్జాయింపుగా నాటినవాడు పదియేండ్లకు దావా తెచ్చుకొనును. కంచె పెరిగిన తరువాత హద్దు తప్పని తేలినచో దానిని పెకలించుట చేతులారా పెంచిన దానిని చంపుకొనుటయే. సర్వేయరుచేత కొలిపించుకొని, రాతిచుట్టు గజము మేర మొక్క లేకుండ విడువవలెను. రాతిని కంచెలో కప్పివేయుట రెండు పక్షములకును అనర్థము. డొంక సర్కారు పొరంబోకు. దానిలోనికి కంచెను జరుపుట ఆక్రమణము. 1905వ సంవత్సరపు భూఆక్రమణల చట్టము ఇట్టివాని కొఱకే యేర్పడినది. ఇరుప్రక్కల రైతులును చెరియొక మూర లోపలికి జరిగి జరిగి, ఎదురెదురుగా రెండు బండ్లు తప్పుకొన వీలులేని డొంకలు ప్రతి గ్రామమునను కలవు. కోతలనాడు ఆ యిరుకు వలన కష్టపడువారు ఆ రైతులే.

ఇక మొక్కలు. రేగడినేలకు సీమచింత మిక్కిలి తగినది. ముల్లు కలదు, కత్తిరించిన కొలది గుబురుకట్టును, విత్తనము ఖర్చులేకుండ దొరకును. దాని నడుమ గోరింట కలిపి నాటినచో అడుగు భాగము దట్టముగా నుండును. ఎఱ్ఱనేలలోను, గరుపనేలలోను వాక మేలైనది. అది మొదట మెల్లగా పెరిగినను పెరిగిన తరువాత దానిలో కుక్కయు దూరదు. వాక్కాయ పప్పునకును పచ్చడికిని పనికివచ్చును. నీరు నిలుచు రేగడిలో మాత్రము వాక బాగుపడదు. వావిలిని పశువు ముట్టదు, కొమ్మ పాతినను బ్రతుకును. కాని ముల్లు లేదు గనుక అది వరుసలో తోడుగా నుండదగినదే గాని తానొక్కతియే కంచె కాజాలదు. కిత్తనార వెలుపలి అంచునకు మంచిది. కాడజెముడు పాలు కంటబడిన మిక్కిలి హాని గావున పిల్లలు తిరుగు దారులలో వలదు.

నాటకూడని వానిని గూర్చి గట్టిగానే చెప్పవలెను. సర్కారుతుమ్మను ఏ రైతును కంచెగా నాటరాదు. ఈ చెట్టు మన దేశపుది కాదు. వంటచెఱకు కొఱకై దీని విత్తనములను తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురము వద్ద నాటించిరి. తీయని దాని కాయలను మేకలును పశువులును తిని, గింజలను పేడతోను పెంటికలతోను ఊరూర చల్లినవి. నేడు చెఱువుగట్లు, కాలువగట్లు, బీళ్లు దాని వశమైనవి. కాయలున్న సర్కారుతుమ్మ కంపను ఎండుకంచెగా వేసినను చేనిలో మొలకలు తప్పవు. కావున కంపకు వాడినను కాయలు లేని దినములలోనే కొట్టవలెను.

నాగజెముడు కథయు ఇట్టిదే. పడగలవంటి పలకలతో పెరుగు ఈ మొక్కను పూర్వము ఖర్చులేని కంచె యని చాలచోట్ల పెంచిరి. ఒక పలక త్రుంచి పడవేసినచో అదియే మొక్కయగును. అది గట్టు దిగి చేనిలోనికి, చేను దాటి బీటిలోనికి ప్రాకెను. 1795లో బ్రెజిలునుండి ఒక పురుగును ఎఱ్ఱరంగు నిచ్చు పురుగని భ్రమించి ఇండియాకు తెచ్చిరి. అది రంగునకు పనికిరాలేదు; ఒక జాతి జెముడును మాత్రము తిని నాశనము చేసెను. మిగిలిన జాతి అప్పటి చెన్నరాజధానిలో వ్యాపించుచునే యుండెను. 1926లో సింహళమునుండి అదే కుటుంబపు మఱియొక పురుగును తెచ్చి విడిచిన తరువాత గాని ఆ పీడ తగ్గలేదు. కంచెగా వచ్చినది కమతమును మ్రింగుట ఇట్లుండును.

ప్రత్తిచేనికి వేఱొక జాగ్రత్త కావలెను. తుత్తురుబెండ, గంగరావి, మందార మున్నగునవి ప్రత్తికి జ్ఞాతులు. ప్రత్తిని పట్టు పిండినల్లి, తెల్లదోమ, ఎఱ్ఱనల్లి మొదలైన వానిలో పెక్కింటికి ఈ మొక్కలపైని ఆశ్రయము దొరకును. గులాబిరంగు కాయతొలుచు పురుగు గంగరావి మీదను బ్రతుకును. కావున కంచెలో వీనిని నాటరాదు. తమంత తాము మొలచినను పీకివేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తీతలు ముగిసిన ప్రత్తికట్టెను కంచె సందులలో దూర్చుట మానవలెను. మిగిలిపోయిన గుడ్డికాయలలో పురుగు దాగియుండి వచ్చు పైరునకు సిద్ధముగా నుండును. సందు పూడ్చినట్లే యుండును గాని చేనిలోనికి పురుగును పిలిచినట్లగును.

నేలను సిద్ధపఱచు పని నాటుటకు ఎనిమిది నెలల ముందుగా మొదలుపెట్టవలెను. ఇది విని చాలమంది నవ్వుదురు. రేగడి స్వభావము తెలిసినవారు నవ్వరు. ఎండకాలమున రేగడి రాతివలె బిగిసి, కాలు దూరు బీటలు తీయును. వానకాలమున జిగటయై గునపమునకు అంటుకొనును. త్రవ్వుటకు తగిన పదును కార్తీక, మార్గశిరములలోనే దొరకును. అప్పటికి వానలు వెనుకపట్టి యుండును. నేల లోపల తడి మిగిలియుండును. గట్టు అంచున పైరు వేయని మేరను తాడు కట్టి, రెండున్నర అడుగుల వెడల్పును ఒకటిన్నర అడుగు లోతును గల కందకము తీయవలెను. పైమన్నును చేనివైపునను, సున్నపురాళ్లు కలిసిన అడుగుమన్నును వెలుపలివైపునను వేఱువేఱుగా పోయవలెను. ఈ రెండింటిని కలిపిన కూలీకి మఱల వేఱుచేయు నుపాయము లేదు గనుక మొదటి దినము రైతు దగ్గఱ నిలిచి చూచుకొనవలెను.

కందకము అడుగును గునపముతో మఱియొక అరయడుగు గుల్లచేసి, ఎండకాలమంతయు తెఱచి యుంచవలెను. పగటి యెండకును రాత్రి మంచునకును పెడ్డలు తమంత తాము చితికి పొడియగును. మనుష్యుడు సుత్తెతో కొట్టినను అంత మెత్తగా కావు. తుంగగడ్డలు, గరికవేళ్లు ఎండి చచ్చును. వీనిని ఇప్పుడు ఏఱివేయనివాడు తరువాత మూడేండ్లు ముళ్లలో చేయిపెట్టి పీకవలసి యుండును.

రోహిణికార్తెలో, అనగా మే నెల చివర, తొలకరికి ముందు కందకమును పూడ్చవలెను. చేనివైపున పోసిన పైమన్ను ముందుగా అడుగునకు పోవలెను. దానితో బాగుగా చివికిన పెంట ఎరువును గజమునకొక పెద్ద గంప చొప్పున కలుపవలెను. చెఱువు పూడిక దొరకినచోట గంపకు గంప అదియు కలుపవచ్చును. నేల మఱీ జిగటగా నున్నచో ఇసుక కొంత కలిపిన వేరు సులభముగా పాఱును. పచ్చిపేడ వేయరాదు, అది చెదలను పిలుచును. పూడ్చిన మన్ను నేలమట్టమునకు సమానముగా నున్నచో చాలదు. రెండు వానలకు అది క్రుంగి కాలువయగును. ఆ కాలువలో నీరు నిలిచి మొక్క కుళ్లును. కావున ముప్పాతిక అడుగు ఎత్తుగా కట్టవలె పోసి ఉంచవలెను. వెలుపలివైపు నున్న అడుగుమన్నుతో గట్టు వేసి, దానికిని నాటుకట్టకును నడుమ చిన్న పిల్లకాలువ విడిచినచో అధికవర్షము జాఱిపోవును.

రెండు మంచి వానలు పడి కట్ట క్రుంగి కుదురుకొనిన తరువాత, పునర్వసు పుష్యమికార్తెలలో నాటుట ఈ ప్రాంతమునకు అనుకూలము. తొలివానకే తొందరపడి నాటినచో దాని వెనుక వచ్చు ఎండ పదునైదు దినములుండిన మొక్కలు మాడును. రెండు వరుసలు నాటవలెను. వరుసకును వరుసకును నడుమ ఒక అడుగు. వరుసలో మొక్కకును మొక్కకును ఒకటిన్నర అడుగు. ఒక వరుసలోని మొక్క రెండవ వరుసలోని రెండు మొక్కల నడుమకు ఎదురుగా వచ్చునట్లు నాటవలెను. ఈ చొప్పున నలుచదరపు ఎకరము చుట్టు నాటుటకు 1,110 మొక్కలును, చచ్చినవాని స్థానమున వేయుటకు మఱి నూఱును కావలెను.

సీమచింతకు నారు పెంచుటకంటె గింజను చోటుననే విత్తుట మంచిది. చోటున మొలచిన గింజ తల్లివేరును ఆటంకము లేక క్రిందికి దింపును. మఱుసటి వేసవిలో పైనేల బీటలు తీయునప్పటికి వేరు బీటలకు దిగువన చేరియుండును. ఆ యేటి కాయలలోని గింజలనే తీసికొని, ఒక రాత్రి నానబెట్టి, గుంటకు మూడేసి చొప్పున బొటనవ్రేలి కణుపు లోతున వేయవలెను. జానెడు పెరిగిన పిమ్మట బలమైనదానిని విడిచి తక్కినవానిని మొదలంట త్రుంచవలెను. పీకినచో విడిచిన మొక్క వేరు కదలును. గోరింటకు, వావిలికి వ్రేలిలావు గల ముదురుకొమ్మలను జానెడు పొడవున కోసి, రెండు వంతులు నేలలోను ఒక వంతు పైనను ఉండునట్లు పాతవలెను. తలక్రిందుగా పాతకుండ, కోయునప్పుడే అడుగు కొసను ఏటవాలుగాను పై కొసను సమముగాను కోసినచో గుర్తుండును. వాకగింజ నిలువయుండిన మొలవదు. పండ్లు వచ్చు దినములలోనే కడిగి విత్తి, నారును ఒక యేడు పెంచి నాటవలెను. కావున వాక నాటదలచినవాడు కందకముకంటె ముందుగా నారుమడి చూచుకొనవలెను. ప్లాస్టికు సంచులలో పెంచిన మొక్కలను తెచ్చినచో, సంచిని పూర్తిగా చీల్చి తీసివేసి, అడుగున చుట్ట చుట్టుకొనిన వేరును కత్తితో కోసి నాటవలెను. చుట్టవేరుతో నాటిన మొక్క రెండేండ్లు బాగుగనే యుండి, మూడవయేట గాలికి ఒఱగును.

ఇక్కడ రైతునకు కష్టము కలిగించు మాట యొకటి చెప్పవలసి యున్నది. జీవకంచె నాటిన మొదటి రెండేండ్లును దాని వెలుపల కంపకంచె ఉండితీరవలెను. లేత సీమచింత చిగురును మేక వదలదు. పశువును ఆపవలసిన కంచెను ముందు పశువునుండి కాపాడవలెను. ఈ రెండేండ్లు కంపఖర్చును మొక్కఖర్చును రెండును పడుటచేత, జీవకంచె లాభము లేదని మధ్యలో విడిచినవారు కలరు. కావున కంపకు శక్తిగలిగినంత పొడవే ఒక యేడు నాటి, మిగిలినది తరువాతి యేటికి ఉంచుకొనుట మంచిది. ఏటికొక ప్రక్క చొప్పున నాలుగేండ్లలో ముగించిన రైతునకు ఒక్కయేటనే అంతయు నాటి పాడుచేసికొనిన రైతుకంటె మంచి కంచె యుండును.

మొదటి వేసవియే మొక్కకు గండము. నీటికంటె బీటలను గూర్చి ముందుగా జాగ్రత్త పడవలెను. బీట మొక్క మొదటి ప్రక్కగా పోయినచో వేళ్లను తెంపుటయే గాక, లోని తడినంతయు ఆవిరిగా విడుచును. మాఘమాసమునుండియే పారతో పైమన్నును రెండుమూడు వ్రేళ్ల లోతున కదపి పొడిచేసి, బీటలలోనికి ఆ పొడిని నింపుచుండవలెను. వరిగడ్డినో, జొన్నచొప్ప వ్యర్థమునో మొదళ్లయందు పఱచి, గాలికి లేవకుండ మన్ను చల్లవలెను. చెదలున్న చోట గడ్డిని మొదటికి తగులకుండ జానెడు దూరమున నుంచవలెను. నీరు పెట్టగలిగినవారు పది పండ్రెండు దినములకొక మాఱు పోసిన చాలును. రోజును చెంబెడు పోయుటవలన వేరు పైకి వచ్చును. ఆలస్యముగానైనను కడవెడు పోయుటవలన క్రిందికి దిగును.

కత్తిరించుట ఈ పని యంతటికిని ప్రాణము. మొక్క మొదటి యేట రెండడుగులు పెరుగగనే, నేలకు ముప్పాతిక అడుగు ఎత్తున కోసివేయవలెను. ఇంటివారు అడ్డుపడుదురు. బ్రతికినదానిని కోయుట యేమని అడుగుదురు. కాని కోసినచోట క్రిందుగా నాలుగైదు కొమ్మలు ప్రక్కలకు పుట్టును. కోయనిచో ఒక్క కాండమే పైకిపోవును. ఆ కొమ్మలు మఱల అడుగున్నర పెరిగినప్పుడు, మొదటి కోతకు అరయడుగు పైన కోయవలెను. ఇట్లు కోతకోతకును అరయడుగు చొప్పున మాత్రమే కంచెను పైకి పోనిచ్చి, నాలుగైదు అడుగుల యెత్తు వచ్చునప్పటికి మూడేండ్లు పట్టును. అడుగున వెడల్పుగాను పైన సన్నముగాను, గడ్డివామి ఆకారమునకు దగ్గఱగా కోయవలెను. పైన వెడల్పైన కంచెలో క్రిందికొమ్మలకు వెలుతురు చాలక ఆకురాలి బోడియగును. పశువు దూరునది ఆ బోడిచోటనే. పెరిగిన తరువాత ఏటికి రెండు కోతలు చాలును: తొలకరి తరువాత ఒకటి, కార్తీకమున ఒకటి. వైశాఖమున కోయరాదు.

కంచెవేళ్లు పైరు ఎరువును తినుననుట నిజమే. అందుకే కంచెకును మొదటి సాలుకును నడుమ మూడడుగుల దారి విడువవలెను. ఆ దారి అంచున ఏటికొక మాఱు నాగలితో లోతుగా ఒక చాలు తోలినచో చేనివైపు వచ్చు పైవేళ్లు తెగిపోవును. ఆ దారి మిరపకోత కూలీలు బస్తాలు మోసికొని నడుచుటకును, మందు కొట్టువారు తిరుగుటకును పనికివచ్చును గనుక వ్యర్థము కాదు. మిరపకు రసము పీల్చు పురుగుల బాధ గలచోట కంచెను నమ్ముకొని యుండరాదు. చేనిచుట్టు రెండు మూడు వరుసల జొన్నయో మొక్కజొన్నయో వేఱుగా వేయుట అవసరమే. కంచె పశువునకు అడ్డము గాని నల్లికి అడ్డము కాదు. పాములు చేరునను భయముగలవారు కంచె మొదట చెత్తయు ఎలుకబొరియలును లేకుండ చూచుకొన్నచో చాలును.

అడవిపందుల బాధ హెచ్చిన చోట్ల కొందఱు కంచెకు విద్యుత్తీగ తగిలించుచున్నారు. ఇది చట్టవిరుద్ధము. చీకటిలో నీరుపెట్టబోయిన రైతులును, తీగ కట్టినవారును, వారి యింటివారును ఇట్టి తీగలకు బలియైన వార్తలు ఏటేట వచ్చుచున్నవి. పది బస్తాల మిరపకాయలకై ఎవరి ప్రాణమును పణము పెట్టరాదు.

ద్వారము సంగతి మిగిలినది. మంచి కంచె గల చేనిలోనికి పశువు వచ్చునది ద్వారమునుండియే. బండియు ట్రాక్టరును పోవునంత వెడల్పున, డొంక మలుపునకు దూరముగా, చేనిలో మెరకగా నున్న వైపున ఒక్క ద్వారమునే విడువవలెను. ఇరుప్రక్కలను గట్టి గుంజలు పాతి, తడకను తలుపుగా కట్టవలెను. పంట ముగిసిన తరువాత గొఱ్ఱెలమందను చేనిలో కట్టించుకొను రైతు ఆ తలుపును తానే తెఱచును. మంద ఎరువు చేనికి కావలసినదే. కాని మంద లోపలనున్న రాత్రులలో లేతకంచెకు లోవైపునను కంప అడ్డము పెట్టవలెను. వెలుపలినుండి కాచిన మొక్కలను లోపలినుండి మేపివేసిన చేలు కలవు. మంద వెళ్లిన మఱునాడే కంచె పొడవునను నడచి, చచ్చిన మొక్కలను లెక్కించి, అచ్చటచ్చట పుల్లలు గ్రుచ్చి గుర్తుపెట్టుకొనవలెను. హస్తకార్తె వానలలో ఆ గుర్తులయొద్ద మఱల నాటవలెను.